పార పట్టుకున్న తీరు

సత్యనారాయణపురం, విజయవాడ
కార్తీక సోమవారం

చి. పద్దుకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నీ క్షేమం తెలుపగలవు. ఈ రెండో వాక్యం ఊరికే మర్యాదకి రాసింది కాదు, కాస్త మనసులో పెట్టుకో.

ఈ ఉత్తరానికి ప్రత్యేకించి కారణమేమీ లేదు. మీ అమ్మ పక్కింటి వాళ్ళతో కలిసి తెల్లవారుజామునే కృష్ణ స్నానానికి వెళ్ళింది. ఆవిడకి ఉపవాసం కాబట్టి నాకూ సాయంత్రం దాకా అటుకులే. తోచక కలం పట్టుకున్నాను. "వాట్సాప్‌లో పెట్టొచ్చుగా తాతయ్యా" అన్నాడు బుడ్డోడు. అందులో పెడితే రెండు నీలం టిక్కులు పడతాయి. పడ్డాక జవాబు వచ్చేదాకా హోమ్ సిగ్నల్ దగ్గర నిలబెట్టిన గూడ్సు బండిలా కూర్చోవాలి. ఉత్తరమైతే చేరడానికే పదిహేను రోజులు పడుతుంది. ఆ పదిహేను రోజులూ నువ్వు జవాబు ఇవ్వలేదని ఎవరూ అనలేరు, నేను కూడా.

నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి 23 రోజులైంది. నేనేమీ లెక్కపెట్టలేదు. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఎదురుగా ఉంది కాబట్టి తెలిసింది. మధ్యలో రెండుసార్లు బొటనవేలు బొమ్మ పంపావు. 2024లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, మన గుమ్మం దాకా నీళ్ళు రాకపోయినా రోజుకి నాలుగుసార్లు చేశావు. "నాన్నా, మెయిన్ ఆపారా? నాన్నా, బియ్యం డబ్బా అటక మీద పెట్టారా?" అని. అలాంటి పిల్లకి ఇప్పుడు తీరిక లేదంటే పని ఎక్కువై ఉంటుంది. ఆఫీసు పనే అయి ఉంటుంది కదా.

అక్కడ ఇంగ్లండ్‌లో మీ గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నారట, అన్నయ్య చెప్పాడు. ఇప్పుడు మనకీ మీకూ అయిదున్నర గంటల తేడా. మొన్న నేను చేసేసరికి మీకు తెల్లారి నాలుగున్నరట. అందుకే ఎత్తలేదని మీ అమ్మకి చెప్పాను. అటుమొన్న సాయంత్రం చేసినదానికి ఏం చెప్పాలో మాత్రం నాకు తట్టలేదు.

శుక్రవారం పటమట అత్తయ్య వచ్చింది. ఊరికే రాదు కదా. గోంగూర కట్టలు ఇచ్చింది, కాఫీ తాగింది, తన మోకాళ్ళ సంగతి చెప్పింది, అప్పుడు తీసింది ఫోన్. వాళ్ళ కోడలి తమ్ముడు లీడ్స్‌లో ఉంటాడట. వాడి చేతికి ఎలా వచ్చిందో నీ ఫోటో. ఆవిరి ఇంజిను మీద నువ్వు, చేతిలో పార, మొహం నిండా మసి. "అన్నయ్యా, పద్దుకి ఉద్యోగం పోయిందటగా, బొగ్గు కొట్టే పనిలో చేరిందట. మీకు తెలియదా?" అంది. మీ అమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "తెలుసు" అన్నాను నేను. నలభై ఏళ్ళు రైల్వేలో చేసినవాణ్ణి, రెండు గంటలు లేటుగా వచ్చే బండిని ఇదిగో వచ్చేస్తోందని చెప్పడం నాకు కొత్త కాదు.

ఆ సంగతి అక్కడితో వదిలేశాను. నువ్వూ వదిలెయ్యి.

ఆ ఫోటో తీసిన ఊరి పేరు మాత్రం గుర్తు పెట్టుకున్నాను, గోత్‌లాండ్ అని. బుడ్డోడి చేత ఫోన్లో వెతికించి రెండు రోజులు అదే పని. ఫోటోలో మీ వెనక నలుగురైదుగురు ఉన్నారు, బూట్లకి బురద, ఒకమ్మాయి మెడలో మ్యాపు. అంటే నడిచి వచ్చారన్నమాట. గోత్‌లాండ్ నుంచి గ్రోమాంట్ దాకా మూడున్నర మైళ్ళ కాలిబాట ఉందట. పట్టాలు పీకేసిన పాత రైలు కట్టే అది. 1836లో జార్జ్ స్టీఫెన్‌సన్ వేసిన దారి. ఆ పేరు వినగానే నాకు మా ట్రైనింగ్ స్కూలు గోడ మీది ఫోటో గుర్తొచ్చింది, దండ కూడా వేసేవాళ్ళం ఆయుధ పూజకి. ఆయన వేసిన దారి మీద ఇంజిను కాదు, గుర్రాలు లాగేవట బళ్ళని! బెక్ హోల్ అనే పల్లె దగ్గర కొండ ఎక్కడం గుర్రాల వల్ల కాక తాడు కట్టారు. పైనుంచి నీళ్ళు నింపిన ట్యాంకు బండి దిగుతుంటే ఆ బరువుకి కిందనున్న జనం బండి ఎక్కడం. చల్లపల్లి ఇంట్లో బావికి రెండు చేదలుండేవి చూడు, ఒకటి మునిగితే ఒకటి తేలేది, అదే వరస. 1845 తర్వాత ఇంజిన్లు వచ్చినా ఆ కొండ దగ్గర మాత్రం తాడే గతి. 1864లో ఆ తాడు కాస్తా తెగింది, బండి దొర్లిపోయింది. మరుసటేడు కొండని చుట్టి వచ్చే కొత్త దారి తెరిచారు. ఇప్పుడు మీ ఆవిరి బండి నడిచేది దాని మీద. మీరు నడిచింది తాడు దారి మీద. ఆ ఏటవాలులో దిగేటప్పుడు మోకాళ్ళు జాగ్రత్త, పటమట అత్తయ్య పోలిక నీకు రాకూడదు. బెక్ హోల్‌లో ఒక బుల్లి పబ్బు కూడా ఉందని బుడ్డోడు చదివాడు. అక్కడ ఏం తాగారని నేను అడగను.

1965లో గిట్టుబాటు కాదని ఆ లైను మూసేశారట. రైలంటే ప్రాణం పెట్టేవాళ్ళు పోగై 1973లో మళ్ళీ తెరిచారు. పికరింగ్ నుంచి గ్రోమాంట్ దాకా 18 మైళ్ళు. టిక్కెట్లు కోసేవాళ్ళ దగ్గర్నుంచి ఇంజిను తుడిచేవాళ్ళు, బొగ్గు వేసేవాళ్ళ దాకా జీతం లేకుండా చేసేవాళ్ళే ఎక్కువమందట. జీతం లేకుండా అన్నమాట ఎందుకు రాశానంటే, ఊరికే రాశాను.

మనవాళ్ళు అలా దాచుకోలేదు, చాలామటుకు తుక్కు కింద కోసేశారు. నేను పని నేర్చుకున్న డబ్ల్యూజీ రకం గూడ్సు ఆవిరి ఇంజిన్లలో చివరిది 1970లోనే చిత్తరంజన్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది, దానికి 'అంతిమ్ సితారా' అని పేరు కూడా పెట్టారు. ఆ తర్వాత ఆరేళ్ళకి నేను బెజవాడ లోకో షెడ్డులో ఖలాసీగా చేరాను. "చచ్చే గేదెకి మేత వేయడానికి వచ్చావురా" అనేవారు పెద్దవాళ్ళు. నిజమే. 1995 డిసెంబరుకల్లా దేశంలో బ్రాడ్ గేజి మీద ఆవిరి పని ఆఖరైపోయింది. మన షెడ్డులో అంతకు చాలా ముందే నిప్పు ఆర్పేశారు. ఆ రోజు నేను అన్నం తినలేదు. మీ అమ్మ మాత్రం దుర్గమ్మకి కొబ్బరికాయ కొట్టి వచ్చింది, ఇంక ఆరేసిన బట్టల మీద మసి పడదని.

నువ్వు యార్క్‌లో చేరిన కొత్తలో అక్కడి రైలు మ్యూజియం వీడియోలో చూపించావు. మల్లార్డ్, నీలం రంగుది, 1938లో గంటకి 126 మైళ్ళు పరిగెత్తిన ఇంజిను. ఎవరైనా అయితే పేరు పలక చూపించి, చక్రం పక్కన నిలబడి ఫోటో దిగి వచ్చేస్తారు. నువ్వు ఫోన్ చేత్తో పట్టుకుని వంగి, "నాన్నా, ఈ రాడ్డు దేనికి, అది కదిలితే ఏది కదులుతుంది" అని ముప్పావు గంట అడిగావు. నాకు ఆరోజే అనుమానం రావాల్సింది.

ఫోటో గురించి ఒక్క మాట. అత్తయ్య నాకూ పంపింది. మామూలుగా ఇంజిను ఎక్కి ఫోటో దిగేవాళ్ళు పారని జెండా కర్రలా నిలబెడతారు, లేకపోతే గరిటెలా పట్టుకుంటారు, కెమెరా వైపు పళ్ళికిలిస్తారు. నీ పక్కనున్న గడ్డం అబ్బాయి అలాగే చేస్తున్నాడు. (ఎవరా అబ్బాయి? మీ అమ్మ అడగమంది.) నువ్వు మాత్రం అలా లేవు. నడుం కాదు, మోకాళ్ళు వంచావు. పార అంచు ఫైర్ బాక్సు తలుపు కింది పెదవికి ఆనుకుని ఉంది. వెనక చెయ్యి పిడి చివర బిగించి ఉంది. ముందు చెయ్యి వదులుగా ఉంది, పిడి అందులోంచి జారడానికి దారి ఇస్తున్నట్టు. చూపు కెమెరా మీద లేదు, బొగ్గు మీదా లేదు. తల కొంచెం ఎత్తి ఓ పక్కకి చూస్తున్నావు. అక్కడేముందో ఫోటోలో పడలేదు గానీ నాకు తెలుసు. గేజ్ గ్లాసు. బాయిలర్లో నీళ్ళెంతున్నాయో చూపించే గాజు గొట్టం.

సరదాకి ఒక్కరోజు ఎక్కినవాళ్ళకి అటు చూడాలని తెలియదు పద్దూ. నాకు అలవాటు కావడానికి ఎనిమిది నెలలు పట్టింది. నీకు ఎన్ని నెలలైంది?

అడగనన్నాను కదా. పోనీలే.

సలహాలు కూడా ఇవ్వను. ముప్ఫై దాటిన దానివి, పరాయి దేశంలో ఒక్కదానివి ఇల్లు నడుపుకుంటున్నావు. కానీ మాటవరసకి, అక్కడ నీకు తెలిసినవాళ్ళెవరైనా బొగ్గు వేస్తుంటే వాళ్ళకి ఈ నాలుగు ముక్కలు చెప్పు. కొంచెం కొంచెం వెయ్యమను, మాటిమాటికీ వెయ్యమను. గుట్టలా పోస్తే బలం కాదు, బద్ధకం. మొదట వెనకవైపు మూలలు రెండూ నింపాలి, మధ్యలో పలచగా ఉండాలి. రెండు మూడు పారలు వేయగానే తలుపు మూసెయ్యాలి, చల్లగాలి తగిలితే బాయిలర్ ట్యూబులు కారతాయి. మంట తెల్లగా ఉన్నప్పుడు లోపల ఏముందో కంటికి ఆనదు. అప్పుడు పారని బోర్లించి తలుపు లోపలికి కొంచెం చొప్పిస్తే గాలి దాని మీదుగా పాయ తీసి వెళ్తుంది, అది వెళ్ళిన మేర నిప్పు స్పష్టంగా కనపడుతుంది. ఎక్కడ నల్లగా ఉందో, ఎక్కడ బొక్క పడిందో. ఈ చిట్కా పుస్తకాల్లో ఉంటుందో లేదో.

ఆ నీలం వానకోటు ఏమిటి? చూస్తేనే తెలుస్తోంది అది నైలాను సరుకని. నడకకి మంచిదే, వాన ఆగుతుంది. నిప్పు ముందు నైలాను వేసుకుని ఎవరైనా నిలబడతారా? కరిగి ఒంటికి అంటుకుంటుంది. కాటన్ వేసుకో. జడ లోపలికి దోపుకో, మెడలో ఆ గుడ్డ చివర్లు వేలాడకూడదు. కిటికీలోంచి తల బయట పెట్టి ముందుకి చూసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకో. నువ్వు మూడో తరగతిలో ఉండగా ఊటీ బండిలో నీ కంట్లో నిప్పుకణిక పడి కూనూరు వచ్చేదాకా ఏడ్చావు, మీ అమ్మ చెంగు ఆవిరి పట్టి అద్దుతూనే ఉంది. ఆ బండికి ఇంజిను వెనకుండి తోస్తుంది కదా. ఎక్కగానే ముందుకి చూసి "నాన్నా, ఇంజిను మర్చిపోయి వచ్చేశాం" అన్నావు. పెట్టెలో అందరూ నవ్వారు.

ఇంకొకటి. ఇది మాత్రం నవ్వులాటకి కాదు. గ్రోమాంట్ స్టేషన్ దాటగానే సొరంగం ఉందట. అది దాటాక గోత్‌లాండ్ దాకా 49కి 1 ఎక్కుడు, అంటే 49 అడుగులు ముందుకెళితే ఒక అడుగు పైకి. రైలుకి అది చాలా ఎక్కువ. మన డెల్టా అరచేయిలా ఉంటుంది, మాకు ఇలాంటివి తెలియవు. ఎక్కుడు మొదలయ్యాక వేసిన బొగ్గు ఎక్కుడు అయిపోయాక మండుతుంది, కాబట్టి నిప్పు స్టేషన్‌లోనే సిద్ధం కావాలి. సొరంగంలోకి వెళ్ళేముందు బ్లోయరు, అంటే పొగని గొట్టంలోంచి పైకి లాగే ఆవిరి ధార, తెరిచారో లేదో చూడాలి. డ్రైవరు ఇంజినుకి ఆవిరి వదిలే రెగ్యులేటరు మూసేటప్పుడూ అంతే. తెరవకపోతే పొగ గొట్టంలోంచి పోవాల్సిన మంట వెనక్కి తిరిగి తలుపులోంచి మన మీదికి వస్తుంది. నా ఎడమ మోచేతి మీద మచ్చ ఇస్త్రీ పెట్టెది కాదు. చిన్నప్పుడు నువ్వు అడిగితే అలా చెప్పాను. మీ అమ్మకి తెలుసు.

మూర్తి బాబాయి మొన్న కనపడి పాత కబుర్లు తీశాడు. మస్తాన్ సాహెబు గారితో ఆ రాత్రి సంగతి నీకెప్పుడైనా చెప్పానా? చెప్పినా మళ్ళీ విను.

1979 మార్చి. రాత్రి పదకొండింటికి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టాడు. పుస్తకంలో సంతకం పెట్టి, లైన్ బాక్సు నెత్తిన పెట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. డోర్నకల్ వైపు ఖాళీ వాగన్లు, డబ్ల్యూజీ ఇంజిను. డ్రైవరు మస్తాన్ సాహెబు గారు, మొదటి ఫైర్‌మాన్ మూర్తి బాబాయి, రెండోవాణ్ణి నేను. రెండోవాడి పని టెండరులో, అంటే ఇంజిను వెనకుండే బొగ్గు బండిలో, బొగ్గు పగలగొట్టి ముందుకి లాగడం, అంతే. పార మొదటివాడిది. కానీ ఆ రాత్రి బాబాయికి ఒళ్ళు కాలిపోతోంది. కొండపల్లి దాటాక "ఒరేయ్, కాసేపు నువ్వు పట్టు" అన్నాడు. నాకు పెళ్ళికొడుకుని చేసినంత సంబరం. సాహెబు గారు చూడాలని దమ్ముకొద్దీ వేశాను. ఎర్రుపాలెం దాకా వేస్తూనే ఉన్నాను. చెమట కారుతోంది, చేతులు బొబ్బలెక్కాయి, నాకంటే మొనగాడు లేడు. ఎర్రుపాలెం దాటాక ఆవిరి ఒత్తిడి సూది చూస్తే 210 మీద ఉండాల్సింది 170. ఇంకా వేశాను. 140. ఇంకా వేశాను. అప్పుడు ఆయన నా చేతి మీద చెయ్యి వేసి ఆపారు. ఫైర్ బాక్సు నిండా పచ్చి బొగ్గు గుట్ట, దాని కింద నిప్పు ఊపిరాడక చస్తోంది. మన బొగ్గుకి బూడిద ఎక్కువ, అడుగున కరిగి పెంకులా అట్ట కట్టేసింది. ఆవిరి లేకపోతే వాక్యూం నిలవదు, వాక్యూం పోతే బ్రేకులు పట్టేస్తాయి. మధిర ఇవతల పొలాల మధ్య బండి కిర్రుమని నిలబడిపోయింది.

అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. తిడతారనుకున్నాను. ఆయన బీడీ ముట్టించి, "ముందు గేటుంది. నడిచి వెళ్ళి, అరగంట పడుతుందని స్టేషన్‌కి ఫోన్ చేయించు" అన్నారు. బాబాయి జ్వరంలోనే లేచి పొడుగు ఊచ తీసుకుని పెంకు పగలగొట్టడం మొదలుపెట్టాడు.

నేను పట్టాల వెంబడి నడిచాను. కిలోమీటరు పైనే ఉంటుంది. వెన్నెల. రెండు పక్కలా మిరప కళ్ళాలు, ఎండబోసిన కాయల ఘాటుకి తుమ్ములు. స్లీపర్లు సరిగ్గా అడుగుకి అందవు, అడుగున్నరకీ అందవు, ఎవరు ఎలా నడిచినా కుంటినడకే. గేటు దగ్గర గుడిసె ముందు గేటుమాన్ నిలబడి మా బండి వైపే చూస్తున్నాడు. ఫోన్ చేసి, "ఏంటయ్యా ఆ పొగ, వరిగడ్డి వామి అంటుకున్నట్టు?" అన్నాడు. వాళ్ళావిడ చెంబుతో మజ్జిగ ఇచ్చింది. తాగుతూ వెనక్కి తిరిగి చూశాను.

అప్పటిదాకా నేను వేసిన నిప్పుకి పొగ ఎలా వస్తుందో నేను చూడలేదు. రాత్రిపూట లోపల మంట వెలుగుకి కళ్ళు చెదిరి బయట అంతా చీకటిగా ఉంటుంది. అక్కణ్ణుంచి చూస్తే, వెన్నెల్లో, ఇంజిను మీద నల్లటి పొగ ముద్ద కదలకుండా కూర్చుని ఉంది. గేటుమాన్ పక్కన నిలబడి అది చూస్తూనే ఉన్నాను. కాసేపటికి నలుపు విరిగింది. మట్టి రంగుకి తిరిగింది. తర్వాత బూడిద రంగు. తర్వాత పలచబడి వెనకున్న చుక్కలు కనపడ్డాయి. ఇంకాసేపటికి సేఫ్టీ వాల్వు లేచి బుస్సుమంది, గేటు దాకా వినపడింది. ఈల వేశారు. బండి మెల్లిగా వచ్చింది, గేటు దగ్గర ఆపలేదు, నడక వేగానికి తగ్గించారంతే. పరిగెత్తి ఎక్కాను. "ఏం చూశావురా?" అన్నారు సాహెబు గారు. "పొగ చూశాను సాబ్" అన్నాను. పార తీసి మళ్ళీ నా చేతికే ఇచ్చారు. డోర్నకల్ దాకా నేనే వేశాను. రిపోర్టులో "బొగ్గు నాసిరకం" అని రాశారట, ఆ సంగతి బాబాయి ఏడాది తర్వాత చెప్పాడు.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానో మర్చిపోయాను. ఆ, నడక. మీరు నడిచిన కట్ట మీద స్లీపర్లు తీసేశారు కాబట్టి సుఖంగా నడిచి ఉంటారు.

నిన్ను చదివించింది ఈ ఇంట్లో ఇంకెవరూ పార పట్టకూడదని. ఇది మీ అమ్మ మాట. నీ ఇంజనీరింగ్ ఫీజు కట్టిన రోజు నేను కూడా అదే అన్నాను. అన్నాను, కాదనను.

మూర్తి బాబాయి అల్లుడు చెప్పాడు, అక్కడ ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి వీసాలో 60 రోజులు ఇస్తారని. నీ సంగతని చెప్పలేదు, ఎవరో తెలిసినవాళ్ళబ్బాయి గురించని అడిగాను. 60లో 23 పోతే 37. ఈ ఉత్తరం చేరడానికి 15 పోతే 22. రాత్రి ఈ లెక్క వేశాక, పోస్టు చేయడంతో పాటు బుడ్డోడి చేత ఫోటోలు తీయించి వాట్సాప్‌లో కూడా పెట్టిద్దామనిపించింది. నీలం టిక్కులు పడితే పడనీ.

పద్దూ, ఉద్యోగం ఉందా? ఉంటే "ఉంది" అని రాయి. లేకపోతే "లేదు" అని రాయి. రెండు అక్షరాల పని. పోతే పోయింది. ఆంధ్రా బ్యాంకులో (ఇప్పుడు పేరు మారిందిలే) డిపాజిట్ జనవరిలో చేతికొస్తుంది. నీ పెళ్ళికని వేశాను, ఏ పేరుతో వేసినా డబ్బు డబ్బే. ఒకవేళ ఉద్యోగం ఉండి, శని ఆదివారాలు వెళ్ళి బొగ్గు వేస్తున్నావనుకో, అది ఇంకో సంగతి. దానికి ఇంతకాలం మాట్లాడకుండా ఉండటం దేనికి? నేను తిడతాననా? నాకు చెప్పకుండా ఎవరి దగ్గర నేర్చుకున్నావు? ఆయనెవరో ముందు చెయ్యి వదులుగా పట్టమని బాగానే నేర్పాడు. పెద్దవాడై ఉంటాడు. ఆయనకి నా నమస్కారాలు చెప్పు.

అక్కడ కూడా తుడిచే పని నుంచే మొదలట కదా, తర్వాత ఫైర్‌మాన్, తర్వాత డ్రైవరు. నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావు?

పార్సిల్ రేపు పంపుతున్నాను. కందిపొడి, కరివేపాకు పొడి, నిమ్మకాయ ఊరగాయ సీసాకి మూడు కవర్లు చుట్టాం. పోయినసారి కొరియర్ వాళ్ళు తూకం దగ్గర ఒక మాట, డబ్బు దగ్గర ఒక మాట చెప్పారు, అందుకని ఈసారి వేరే చోట అడిగాను. నా నీలం కాటన్ చొక్కాలు రెండు కూడా పెట్టాం. నేను పెట్టమనలేదు. అత్తయ్య వెళ్ళిన దగ్గర్నుంచి మీ అమ్మ రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నిన్న రాత్రి భోజనాలయ్యాక మిషను చప్పుడు వినపడింది. వెళ్ళి చూస్తే వాటి చేతులు కత్తిరించి నీ కొలతకి కుడుతోంది. "ఏమిటే ఇది" అంటే, "మసి పట్టే పనికి కొత్తవెందుకు" అంది.

ఆదివారం మీ మధ్యాహ్నం రెండింటికి, అంటే మాకు రాత్రి ఏడున్నరకి, ఫోన్ దగ్గరే ఉంటాను. ఊరికే చెబుతున్నాను.

వేళకి తిను. అన్నం మానేసి బ్రెడ్డు ముక్కలతో గడపకు.

ఇట్లు
నాన్న

తా.క.: ఫోటో పెద్దది చేసి మళ్ళీ చూశాను. కుడికాలు సరిగ్గానే ఉంది. ఎడమకాలు మాత్రం ఇంజినుకీ టెండరుకీ మధ్య ఉండే రేకు మీద పెట్టావు. బండి నిలబడి ఉన్నప్పుడు ఏమీ కాదు. కదిలాక ఇంజినూ టెండరూ దేనికది ఊగుతాయి, ఆ రేకు పాదం కింద జారుతుంది. జానెడు ముందుకి పెట్టుకో.